పరగడుపున, కాఫీతో

మందుల షాపు కౌంటరు వెనక ముప్ఫై ఆరేళ్లు నిలబడ్డాను. మాటవరసకి అనటం లేదు, నిజంగానే నిలబడ్డాను. మా ఓనరు గారికి పనిచేసేవాడి కింద కుర్చీ కనబడితే ఒళ్లు మండేది. ఇప్పుడు కూచోడానికి కావలసినంత తీరిక ఉంది గాని మోకాళ్లు ఒప్పుకోవటం లేదు.

ఈ రాతకి కారణం మా మేనకోడలు. ఫార్మసీ చదివి ఈ మధ్యే ఉద్యోగంలో చేరింది. చేరేముందు నన్ను చూడ్డానికి వచ్చి, చీటీ చదవటం, మాత్రలు తీసివ్వటం, ఇంతేగా మామయ్యా అంది. ఇంతేనమ్మా అని ఊరుకుంటే ఆ పూట హాయిగా గడిచిపోయేది. ఊరుకోవటం నాకు పుట్టుకతోనే రాదు. అందుకని కాగితాలు ముందేసుకున్నాను. ఇన్‌స్పెక్షన్లు, రిజిస్టర్లు, జీతం పెరిగిన సంవత్సరాలు ఇందులో ఉండవు, అవి ఏ ఉద్యోగంలోనైనా ఒకటే. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దాన్ని దాదాపు రెండేళ్లు, ఒకే మనిషి విషయంలో, నవ్వుమొహంతో చేశాను.

కంపౌండరు కాదండీ

డెబ్బైల మొదట్లో గవర్నర్‌పేటలో చేరాను. డిప్లొమా ఉంది, తెల్లకోటు ఉంది, రెండింటినీ మించిన పొగరు ఉంది. వచ్చినవాళ్లందరూ "కంపౌండరు గారూ" అని పిలిచేవారు. కంపౌండరు కాదండీ, ఫార్మసిస్టుని, అని ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. సరేనండీ కంపౌండరు గారూ అనేవారు. మూడేళ్లు పోరాడి మానేశాను.

ఓనరు పాపయ్య గారు చదివింది ఐదో తరగతి. మందు పేర్లు ఇంగ్లీషులో చదవలేరు. సీసా ఎత్తు, మూత రంగు, అట్టపెట్టె మీద గీతలు చూసి మందు పట్టుకునేవారు. తప్పు తియ్యటం నేనెప్పుడూ చూడలేదు. షాపుకి లైసెన్సు నా సర్టిఫికెట్టు మీద నడిచేది, షాపు ఆయన నోటి మీద నడిచేది. పాత ఖాతాదారు ఎవరు వచ్చినా బల్ల మీద కూచోబెట్టి, పక్క హోటల్లోంచి కాఫీ తెప్పించి, ఇంట్లో అందరి ఆరోగ్యం అడిగేవారు. నాకది టైము దండగ అనిపించేది. మందుల షాపా, కాఫీ హోటలా అని లోపల్లోపల గొణుక్కునేవాణ్ణి, బయటికి మాత్రం ఆ కాఫీ ఏ రోజూ వద్దనలేదు.

కొత్తగా వచ్చే పిల్లలకి ఒకటి చెప్పాలి. మీకు చదువు రాని ఓనరు దొరికితే అదృష్టమనుకోండి. చదివినవాడు చీటీ చూస్తాడు. చదవలేనివాడు చీటీ తెచ్చిన మనిషిని చూస్తాడు, వాడికి వేరే దారి లేదు కాబట్టి.

ఫాను ఆపమన్న మనిషి

కరుణమ్మ టీచరు గారు మొదటిసారి మే నెలలో వచ్చారు. మంగళగిరిలో ఒక మిషన్ బడిలో ఒకటో తరగతి చెప్పేవారు. ముప్ఫై అయిదేళ్లుంటాయి, మొహం ఉబ్బి యాభై ఏళ్ల మనిషిలా కనిపించేవారు. ఇనుము టానిక్కుకి చీటీ తెచ్చారు. అప్పటికి అది ఆరో సీసానో ఏడో సీసానో. ఎవరికి చూపించినా రక్తం తక్కువ అని టానిక్కు రాసేవారట.

టానిక్కు కాగితంలో చుడుతుంటే ఆవిడ కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఫాను కాస్త ఆపుతారా బాబూ అని అడిగారు. బెజవాడలో, మే నెలలో, మధ్యాహ్నం మూడింటికి. నేను నవ్వుకుంటూ ఆపాను. పాపయ్య గారు నవ్వలేదు. ఆవిడ వెళ్లాక, "ఏమయ్యా, ఆవిడ చిల్లర ఇచ్చేటప్పుడు చెయ్యి తగిలిందా నీకు? మంచుగడ్డలా ఉంది. ఇది రక్తం తక్కువ కాదు, ఇంకేదో ఉంది. మన డాక్టరు గారి దగ్గరికి వెళ్లమను," అన్నారు.

మన డాక్టరు గారంటే ఆ మధ్యే ఏలూరు రోడ్డులో ప్రాక్టీసు పెట్టిన ఒకాయన. పేరెందుకులెండి. మహా కోపిష్టి, మహా తెలివైనవాడు. టీచరు గారిని కుర్చీ మీద మోకాళ్లు ఆనించి నిలబెట్టి, మడమ వెనక చిన్న సుత్తితో కొట్టి చూశాడట. పాదం కదిలింది గాని వెనక్కి మాత్రం తీరుబడిగా వచ్చిందట. గొంతు బొంగురు, చర్మం పొడి, మలబద్ధకం, మే నెలలో చలి. అన్నీ కలిపి థైరాయిడ్ పని తగ్గింది అన్నాడు. రక్తం మద్రాసు పంపించి అదే ఖాయం చేశాడు.

మంచి డాక్టరు దొరికాడు, జబ్బు పేరు తెలిసింది, ఇక అయిపోయిందనుకున్నాం. అసలు కథ అక్కడే మొదలైంది.

ఆవిడకి అది మందుల గొడవ కాదు, ఉద్యోగం గొడవ. తల్లీ, ఇద్దరు చెల్లెళ్లూ ఆ జీతం మీదే బతుకుతున్నారు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఒకటో తరగతి అంటే గొంతే. అక్షరాలు పాడాలి, గుణింతాలు పాడించాలి. ఆవిడ గొంతు మగగొంతు అయిపోయింది. పిల్లలు అదే బొంగురుతో "క, కా" అంటుంటే పక్క క్లాసులోంచి నవ్వులు వచ్చేవట. మధ్యాహ్నం బోర్డు దగ్గర నిలబడే కునుకు తీసేవారు. బడి నడిపే కరెస్పాండెంటు రెండుసార్లు చూసి, ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు బయట చాలామంది ఉన్నారని చెప్పాడట.

నన్ను బాధపెట్టింది మాత్రం ఇంకో సంగతి. తనది బద్ధకమేనని ఆవిడే నమ్మారు. ప్రతి ఆదివారం చర్చిలో కళ్లు మూసుకుని, ప్రభువా నా బద్ధకాన్ని క్షమించు అని అడుగుతుంటానని మామూలుగా, మందు పేరు చెప్పినంత మామూలుగా చెప్పారు.

పడని మందు

అప్పట్లో ముందు దొరికింది జంతువుల థైరాయిడ్ గ్రంథి ఎండబెట్టి చేసిన మాత్రలు. ఓ రకం వాసన. ఒక సీసా పనిచేస్తే రెండోది చేసేది కాదు. పైగా నేను వాటిని పై అరలో, రేకుల కప్పు కిందే పెట్టాను. ఆ వేడికి లోపల ఏం మిగిలిందో దేవుడికే తెలియాలి. డాక్టరు గారు ఒకరోజు షాపులోకి వచ్చి, ఆ అర మీద చెయ్యి పెట్టి, ఇక్కడ అప్పడాలు పెట్టు, బాగా వేగుతాయి అన్నాడు. ఆ సాయంత్రమే సీసాలన్నీ కిందికి దించాను.

ఏడాది తిరిగేలోగా కొత్త మాత్ర వచ్చింది. చిన్నది, తెల్లది, వాసన లేదు. ప్రతి మాత్రలోనూ మందు ఒకే పాళ్లలో ఉంటుంది. చీటీ మీద రోజుకొకటి అని రాసి, పరగడుపున అని కింద గీత గీశాడు. నేను ఆ మాత్రల పొట్లం మీద ఎర్రసిరాతో పరగడుపున అని రాశాను. నోటితో కూడా చెప్పాను. పాత మాత్రలప్పుడూ అలాగే చెప్పాను. "పొద్దున్నే, పరగడుపున, మర్చిపోకండి టీచరు గారూ." ఎంత బాగా చెప్పానో అని నాకు నేనే మెచ్చుకున్నాను.

సంక్రాంతి సెలవుల్లో ఆ మాత్ర మొదలైంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆవిడ తేలికపడ్డారు. మొహం దిగింది, గొంతులో సన్నదనం కొంచెం వచ్చింది. మా అందరికీ సంబరం. ఎండాకాలం పోయి బడులు తెరిచేసరికి మళ్లీ పాత మనిషి. డాక్టరు గారు మోతాదు పెంచాడు. దసరాకి ఇంకొంచెం పెంచాడు. క్రిస్మస్‌కి మరికొంచెం. ఆవిడ మెట్లెక్కి వచ్చే తీరు చూస్తే ఒంటికి మందేమీ ఎక్కుతున్నట్టు లేదు. మాత్ర ఒక్కరోజు కూడా మానలేదండీ అని బైబిలు మీద ఒట్టేసేంత పని చేశారు.

మన వాళ్లకి ఒక మాట ఉంది, "ఆ మందు నాకు పడలేదు" అని. వంకాయ పడలేదు, కొత్త ఊరి నీళ్లు పడలేదు అన్నట్టే మందు కూడా పడదు. నాకు ఆ మాట వింటే చిరాకు. తప్పు మందుదీ కాదు, మనిషిదీ కాదు, ఇద్దరికీ జాతకాలు కుదరలేదంతే అన్నట్టుంటుంది. ఆ మాట అన్నాక ఎవరూ ఇంకేమీ వెతకరు. అంత తెలివైన డాక్టరు గారే చివరికి, కరుణమ్మకి ఈ మందు పడలేదోయ్ అన్నాడు. నేనూ తలూపాను. బడి కరెస్పాండెంటు మాత్రం తలూపలేదు. వచ్చే జూన్‌లో బడి తెరిచాక తానే వచ్చి క్లాసు వింటానని, ఇలాగే ఉంటే ఆ నెలాఖరుకి ఇంకొకరిని చూసుకుంటానని తేల్చి చెప్పేశాడు.

శ్రమల దినాలు

మార్చిలో ఒక శనివారం. టీచరు గారు లోపలికి వస్తూ, బాగున్నారా పాపయ్య గారూ అన్నారు. నేను సీసాలు సర్దుతూ అటు తిరిగి ఉన్నాను. ఎవరో కొత్త ఆవిడ అనుకున్నాను. అంత సన్నగా ఉంది గొంతు. తిరిగి చూస్తే ఆవిడే. మొహం నీరు దిగిపోయి కళ్లు పెద్దవిగా కనిపిస్తున్నాయి. చీటీ అందించే చెయ్యి మాత్రం వణుకుతోంది. వారం రోజులుగా గుండె దడ, నిద్ర లేదు అన్నారు.

చీటీలో డాక్టరు గారు కొత్త మాత్ర కొట్టేసి, వాసన మాత్రలు మళ్లీ రాశాడు. పడలేదు కదా మరి. తక్కువిస్తే చాలదు, ఎక్కువిస్తే దడ.

పాపయ్య గారు అలవాటు ప్రకారం మూడు కాఫీలు చెప్పారు. ఆవిడ వద్దన్నారు. శ్రమల దినాలండీ, ఈస్టరు దాకా నలభై రోజులు కాఫీ మానేశాను, ఏటా మానేస్తాను, నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదేగా అన్నారు.

"ఉపవాసమైతే తిండి మానాలి గాని కాఫీ ఏం చేసిందమ్మా? కాఫీ తాగితే తిన్నట్టా?" అన్నారు పాపయ్య గారు, ఆటపట్టిస్తూ.

నా చేతిలో గ్లాసుంది. అప్పటికి పొద్దున్న నుంచీ అది మూడోది. మొదటిది ఆరింటికి, పరగడుపున. అవును, పరగడుపునే. మా ఇంట్లో, మీ ఇంట్లో, కృష్ణకి ఇటూ అటూ ఎవరింట్లోనైనా పొద్దున్నే కాఫీ తాగినవాడు పరగడుపున ఉన్నట్టే లెక్క. ఇడ్లీ తుంచితేనే పరగడుపు పోయేది. నేను గ్లాసు కింద పెట్టేశాను.

"టీచరు గారూ, మామూలు రోజుల్లో మాత్ర దేంతో వేసుకుంటారు?"

"కాఫీతోనే. లేవగానే. మీరు చెప్పినట్టు పరగడుపునే బాబూ."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు కాఫీ లేదుగా. నీళ్లతో."

పోయిన ఏడాది ఫిబ్రవరి, మార్చి ఎందుకు బాగున్నారో అడగక్కర్లేదు. అయినా అడిగాను. అవీ శ్రమల దినాలే. ఈస్టరు నాడు తెల్లవారుజామున ఆరాధన నుంచి వచ్చి, నలభై రోజుల తర్వాత గ్లాసుడు చిక్కటి కాఫీ, అందులోనే మాత్ర. బాగైంది దేవుడి దయవల్ల అనీ, మళ్లీ పడిపోయింది తన బద్ధకం వల్ల అనీ ఆవిడ లెక్కేసుకున్నారు. మధ్యలో పాలూ డికాక్షనూ మందుకి అడ్డుపడుతున్నాయని ఎవరికీ తోచలేదు. పెంచుకుంటూ పోయిన మోతాదంతా ఇప్పుడు నీళ్లతో పూర్తిగా ఒంటికి పట్టింది, ఆ దడ అందుకే.

రెండేళ్లు. ప్రతి నెలా ఆవిడ కళ్లలోకి చూసి పరగడుపున అన్నాను. మీ పరగడుపులో ఏముంటుందమ్మా అని ఒక్కసారి అడగలేదు. నాకు చెప్పరానంత సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

ఏ పుస్తకంలో ఉందోయ్

ఆ చీటీకి మందు ఇవ్వలేదు. టీచరు గారిని బల్ల మీద కూచోమని, తెల్లకోటుతోనే డాక్టరు గారి దగ్గరికి నడిచాను. షాపువాడు చీటీ తిప్పి పంపటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. గదిలో పేషెంట్లున్నారు. అయినా మొత్తం చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"కాఫీకి మందు లొంగుతుందని ఏ పుస్తకంలో ఉందోయ్?"

"నేను చదివినవాటిలో లేదండీ. మీరు చదివినవాటిలో ఉంటే మీరే చెప్పుండేవారు."

బల్ల మీద, చీటీల కట్ట పక్కన, సగం తాగిన కాఫీ గ్లాసుంది. ఆయన దానికేసి చూశాడు. నేనూ చూశాను. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

"నేను రాశాను, నువ్వు చెప్పావు, ఆవిడ అక్షరాలా చేసింది," అన్నాడు నెమ్మదిగా. తర్వాత చీటీ లాక్కుని వాసన మాత్రలు కొట్టేశాడు. చిన్న మాత్రే మళ్లీ రాశాడు, బాగా తగ్గించి. "నీళ్లతో వెయ్యమను. ఈస్టరు అయ్యాక ఆరు వారాలు చూస్తాను. అప్పటికి మళ్లీ మొహం ఉబ్బిందో, నీ షాపుకి నా చీటీ ఒక్కటి రాదు."

మా వ్యాపారంలో సగం ఆయన చీటీలే. తిరిగొచ్చి పాపయ్య గారికి చెప్పాను, ఉద్యోగం పోయిందనే అనుకుని. ఆయన కాసేపు మీసం దువ్వుకున్నారు. "ఈసారి ఆవిడకి చెప్పేటప్పుడు పరగడుపున అనమాకు. కాఫీ అనే మాట నోటితో పలుకు," అన్నారు.

పలికాను. లేవగానే నీళ్లతో మాత్ర, గంట దాకా కాఫీ వద్దు అన్నాను. టీచరు గారికి ప్రాణం పోయినట్టైంది. "నలభై రోజులంటే దేవుడి కోసం బాబూ. ఇది ఎన్నాళ్లు?" అన్నారు. రోజూ అన్నాను. జీవితాంతమా అన్నారు. అవునన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపులో క్రైస్తవ సహనం పెద్దగా కనబడలేదు. చేస్తారో చెయ్యరో, కాఫీ గ్లాసు ముందు ఏ ఒట్టు నిలుస్తుందో నాకు అనుమానమే.

ఈస్టరు అయింది. ప్రతి శనివారం ఆవిడ మెట్లెక్కే చప్పుడు వింటూ గడిపాను. గొంతు వినేదాకా తలెత్తేవాణ్ణి కాదు. దడ తగ్గింది, చెయ్యి నిలకడపడింది. అవి మోతాదు తగ్గించినందుకే తగ్గి ఉండవచ్చు. మళ్లీ నీరు పడుతుందా లేదా అన్నదే తేలాలి. నాలుగో వారం గొంతు కాస్త బొంగురుగా ఉంటే నాకు ఆ పూట అన్నం దిగలేదు. జలుబట.

మే నెల మూడో వారం, మధ్యాహ్నం. ఆవిడ వచ్చి బల్ల మీద కూలబడి, కొంగుతో మెడ తుడుచుకుని, "అబ్బ, ఏం ఉక్కపోత. ఆ ఫాను కాస్త పెంచు బాబూ," అన్నారు.

నేను పాపయ్య గారికేసి చూశాను. ఆయన లేచి వెళ్లి ఫాను తనే పెంచారు. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ చాలాసేపు అటే తిరిగి ఉన్నారు.

ఇక్కడ ఆగి మా మేనకోడలికి నాలుగు మాటలు చెప్పాలి. మాత్రతో కాఫీ వద్దని ఇప్పుడు పెద్ద డాక్టర్లందరూ చెబుతున్నారు, డబ్బా లోపలి కాగితంలోనూ ఉంటుంది. అందుకని నీకు ఈ తప్పు రాదు. ఇంకొకటి వస్తుంది. నువ్వు చెప్పిన మాట నీకు బాగా తెలిసిన మాటే అయి ఉంటుంది, అవతలివాళ్లకీ బాగా తెలిసిందే అయి ఉంటుంది, ఇద్దరి అర్థాలూ వేరై ఉంటాయి. చెప్పి ఊరుకోకమ్మా. రేపు పొద్దున లేవగానే ఏం చేస్తారో నాకు చెప్పండి అని అడుగు. వాళ్లు చెబుతుంటే మధ్యలో అడ్డు రాకు. నేను ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకి పైగా అడిగాను. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కునేవారు. విసుక్కోనీ.

జూన్

బడి తెరిచిన రెండో వారంలో ఆవిడ వచ్చారు. శనివారం కాదు, బుధవారం. బడి అయ్యాక చాక్‌పీసు పొడి కూడా దులుపుకోకుండా బస్సెక్కేశారు. కరెస్పాండెంటు వచ్చి గుమ్మం బయట నిలబడి పూర్తిగా ఒక పీరియడు విన్నాడట. ఆవిడ గుణింతాలు పాడించారట, పిల్లలు ఆవిడ గొంతుతోనే పాడారట, ఈసారి పక్క క్లాసులో ఎవరూ నవ్వలేదట. మధ్యాహ్నం పిలిచి పర్మనెంటు కాగితం చేతిలో పెట్టాడట.

పాపయ్య గారు కాఫీలు చెప్పారు. అప్పటికి సాయంత్రం ఐదు. నేను అలవాటుగా గడియారం చూశాను. పొద్దున మాత్ర వేసుకుని పన్నెండు గంటలు దాటింది, తాగనియ్యవయ్యా అన్నారు ఆయన. ఆవిడ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగారు.

తర్వాత అన్నారు, "రెండేళ్లు ప్రతి ఆదివారం నా బద్ధకానికి క్షమాపణ అడిగాను బాబూ. అసలది బద్ధకమే కాదంటున్నారు డాక్టరు గారు. మరి ఆ క్షమాపణలన్నీ ఏం చేసుకోను?"

"నాకివ్వండి టీచరు గారూ," అన్నాను.

నవ్వుతారనుకున్నాను, నవ్వించటానికే అన్నాను. ఆవిడ నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, కౌంటరు మీదున్న నా చేతి మీద చెయ్యి వేశారు.

"తీసుకో నాయనా," అన్నారు.

ఆ చెయ్యి వెచ్చగా ఉంది.